మూడు నిమిషాల ఇరవై సెకన్లు

నాయనా, నువ్వు సినిమా తీస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. ఈ రోజుల్లో తియ్యనిదెవరు గనక? మా వీధి మలుపులో పునుగులేసే కుర్రాడు కూడా ఒక చేత్తో జల్లిగరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, నూనెలో బుడగలు లేచే వైనాన్ని స్లో మోషన్లో తీస్తున్నాడు. ఈలోగా పునుగులు మాడుతున్నాయి, అది వేరే సంగతి. నాకు ఒళ్ళు మండేదల్లా మీరు సినిమా తీసేవాళ్ళ జట్టులో చేరే పద్ధతి చూస్తేనే. ఎవడో లింకు పంపుతాడు, నువ్వు నొక్కుతావు, చేరిపోయావు. చూపులు లేవు, లగ్నం లేదు, ఏకంగా తలంబ్రాలే. సాయంత్రానికి ఆ జట్టులో ఎవరెవరున్నారో తెలీదు, మర్నాడు గోల ఎక్కువైందని వాళ్ళ నోరు నొక్కేస్తావు. మ్యూట్ అంటారట దాన్ని. మా రోజుల్లో ఒకరి నోరు మూయించాలంటే ఎదురుగా నిలబడి పోట్లాడాలి, ఆ తర్వాత ఇద్దరూ కలిసే టీకి పోవాలి, ఎందుకంటే సైకిలు ఒక్కటే ఉండేది.

మా రోజుల్లో అంటే డెబ్బయ్యో దశకం చివర, బెజవాడ. అప్పట్లో గాంధీనగర్ అంటేనే సినిమా. సినిమాలు పంచే డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ ఆ చుట్టుపక్కల వీధుల్లోనే. ఏ పొద్దున చూసినా రిక్షాల్లో రేకు పెట్టెలు స్టేషనుకి పోతూ వస్తూ ఉండేవి, వాటిల్లో రామారావూ నాగేశ్వరరావూ చుట్టలు చుట్టుకుని పడుకుని ఉండేవారు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి సినిమా పిచ్చి పట్టకూడదంటే కళ్ళు మూసుకుని పెరగాలి.

మేం సినిమా తియ్యకముందే సినిమా వేశాం, ఆ సంగతి చెప్పాలి నీకు. పిల్లకాయల జట్టుకి ఆస్తి అంటే ఫిలిం ముక్కలు. హాల్లో ప్రింటు తెగినప్పుడు ఆపరేటరు కత్తిరించి పడేసినవి ఎలాగోలా బయటికొచ్చేవి. గోళీలకి మారకం. మాడిపోయిన కరెంటు బల్బు ఒకటి సంపాదించి, మూతి దగ్గరున్న నల్ల లక్క పగలగొట్టి, లోపలి తీగలు మెల్లగా లాగేసి, నీళ్ళు నింపితే అదే లెన్సు. గదిలో తలుపులన్నీ మూసి, కిటికీకి అట్ట అడ్డం పెట్టి, అట్టకి కంత చేసి, బయట ఒకడు నాన్నగారు గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని ఎండని ఆ కంతలోంచి లోపలికి కొట్టాలి. సూర్యుడు జరుగుతాడు గనక వాడూ జరుగుతూ ఉండాలి. లోపల గోడ మీద సావిత్రి, తలకిందులుగా. ముక్కని తిరగేసి పట్టుకుంటే సరిపోతుందని కనిపెట్టినవాణ్ణి మేం చాలాకాలం మేధావి కింద లెక్కేశాం. వాడు తర్వాత ఇరిగేషన్లో ఇంజనీరయ్యాడు లే. బయట అద్దం పట్టుకున్నవాడికి మాత్రం బొమ్మ కనబడేది కాదు పాపం. వాడి కోసం లోపల్నించి కథ అరిచి చెప్పేవాళ్ళం, ఒక్కొక్కడూ ఒక్కో కథ.

అదీ జట్టంటే. ఒకడు ఎండలో నిలబడితేనే ఇంకొకడికి బొమ్మ. ఇప్పుడు ఆ ఎండా, అద్దమూ, బల్బూ, గోడా అన్నీ కలిపి నీ జేబులో పలకలో పెట్టి ఇచ్చారు. ఇక పక్కవాడితో నీకేం పని? పని లేనివాళ్ళు వందమంది ఒకచోట చేరితే దాన్ని కమ్యూనిటీ అంటున్నారు. మా ఊళ్ళో దాన్ని బస్టాండు అనేవారు.

అసలు క్లబ్బులో చేరింది నాకు ఉద్యోగం వచ్చాక. పేరు చెప్పను, ఇప్పుడది లేదు, చెప్పీ లాభం లేదు. ఫిజిక్సు లెక్చరరు ఒకాయన, ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు, ఒక హోమియో డాక్టరు, బ్యాంకు క్యాషియరు, ఫొటో స్టూడియో నడుపుకునే ఆయన, ఎక్కడ పనిచేస్తాడో ఎవరూ అడగని ఒక కవి, ఆపైన నాబోటి గుమాస్తాలు. ఆదివారం పొద్దున మాస్టారి వసారాలో కలిసేవారు. చేరతానని వెళ్తే ఫారాలూ గీరాలూ ఏం ఇవ్వలేదు. పడక్కుర్చీలోంచి తల తిప్పకుండానే, "మాయాబజార్ చూశావుటోయ్?" అన్నారు మాస్టారు. చూడకేమండీ, వచ్చినప్పుడల్లా చూశాను అన్నాను రొమ్ము విరుచుకుని. "అయితే అందులో పాండవులు ఏ సీన్లో కనిపిస్తారో చెప్పు."

నేను నిలబడి ఆలోచించాను. ఇంకా ఆలోచించాను. కనిపించరు! వాళ్ళు ఓడిన జూదమే కథకు మూలం, వాళ్ళ కొడుకు పెళ్ళే కథ, మనుషులు మాత్రం తెర మీదికి రానే రారు. 1957 నుంచి జనమంతా చూస్తున్నారు, ఎవరికీ ఆ లోటే తెలీలేదు. "చూపించకుండా ఎలా చెప్పాలో తెలిసిననాడు కెమెరా ముట్టుకుందువుగాని. ప్రస్తుతానికి ఆ కుర్చీలు ఇటు లాగు" అన్నారు. అదీ నా సభ్యత్వం. మొదట కుర్చీలు, తర్వాత మోత, ఆ తర్వాత రీళ్ళు వెనక్కి చుట్టడం, ఆపైన అతుకులు. కెమెరా ఎక్కడో చివర్న, ఎండమావిలో నీళ్ళు.

మోత అంటే తేలిగ్గా తీసుకోకు. మా క్లబ్బు సినిమాలు తియ్యడమే కాదు, నెలకోసారి ఒక స్కూలు హాల్లో చూపించేది కూడా. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వాళ్ళు 1947లో కలకత్తాలో ఫిల్మ్ సొసైటీ పెట్టాక ఆ గాలి మెల్లగా దేశమంతా తిరిగింది. 1959లో సొసైటీలన్నిటికీ ఒక ఫెడరేషను వచ్చింది, 1964లో పుణేలో ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చింది. అక్కణ్ణించో, ఏదో ఎంబసీ నుంచో పదహారు మిల్లీమీటర్ల ప్రింటు రైల్లో వచ్చేది. రసీదు పట్టుకుని పార్సెలాఫీసుకు పోయి, అక్కడ గుమాస్తా భోజనం ముగించుకుని వచ్చేదాకా నిలబడి, పెట్టెని రిక్షాలో ఎక్కించి పక్కన నేను నడిచి వచ్చేవాణ్ణి. ఐజెన్‌స్టైన్ అంతటి డైరెక్టర్ని ఎక్కించుకున్న రిక్షాలో నాకు చోటెక్కడిది?

ఇక్కడొక సంగతి పెద్దవాళ్ళెవరూ నీకు చెప్పరు, నేను చెప్తాను. ఫిల్మ్ సొసైటీల్లో సభ్యులకి మాత్రమే చూపించే విదేశీ సినిమాలకి సెన్సారు కత్తెర ఉండేది కాదు. ఆ మాట ఊళ్ళో పొక్కేసరికి కళాభిమానం ఒక్కసారిగా పొంగింది. తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద జపాను ముసలి దంపతులు చాప మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' అది. అరగంటైంది, దంపతులు ఇంకా చాప మీదే ఉన్నారు. కొందరు లేచిపోయారు. కొందరు "వచ్చే నెల ఉంటుందిలే" అని ఓపిక పట్టారు. అలా ప్రతి నెలా వచ్చే నెల కోసం వచ్చి వచ్చి, చివరికి నిజంగానే సినిమా పిచ్చి అంటుకున్నవాళ్ళు ఉన్నారు. నేనెందుకు చేరానని మాత్రం అడక్కు.

సరే, తియ్యడం సంగతి. మాస్టారి దగ్గర మొదట ఒక పాత ఎనిమిది మిల్లీమీటర్ల కెమెరా ఉండేది. పాతికడుగుల చుట్ట ఎక్కించి, ఒక అంచు మీద తీసి, నీడలోకి పోయి మూత తెరిచి, చుట్టని తిరగేసి, రెండో అంచు మీద తియ్యాలి. తిరగేశామో లేదో గుర్తులేక మళ్ళీ ఎక్కించిన ఘనులున్నారు. డాక్టరుగారి చెల్లెలి పెళ్ళి మీద ప్రకాశం బ్యారేజీ పడింది. పెళ్ళికొడుకు వంగి తాళి కడుతుంటే గేట్లన్నీ ఎత్తి కృష్ణమ్మ వాళ్ళ నెత్తి మీంచి దూకుతుంటుంది. కవిగారు చూసి ఇది గొప్ప ప్రయోగం అన్నారు. పెళ్ళివారు వేరే మాటన్నారు. మీ ఫోన్లో అలాంటి బొమ్మ కావాలంటే దానికో యాప్ కొనుక్కోవాలట. మాకు ఉచితం.

ఆ తర్వాత డాక్టరుగారి బంధువు విదేశాల్నించి తెచ్చిన సూపర్ ఎయిట్ కెమెరా క్లబ్బుకి చేరింది. 1965లో కోడాక్ వాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి అది. ఫిలిం ప్లాస్టిక్ డబ్బీలో వస్తుంది, తిరగేసే బాధ లేదు. ఒక డబ్బీలో యాభై అడుగులు, అడుగుకి 72 బొమ్మలు, సెకనుకి 18 చొప్పున మొత్తం 3 నిమిషాల 20 సెకన్లు. అంతే! క్లబ్బులో ఎంతమంది ఉన్నా, ఎన్ని నెలలు చందాలు పోగేసినా, చేతికొచ్చేది ఆ మూడు నిమిషాల ఇరవై సెకన్లు. అదీ ఊళ్ళో దొరికేది కాదు. మద్రాసు వెళ్ళేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి బర్మా బజార్లో కొనిపించుకోవాలి. తీశాక కడిగించడం ఇంకో తంటా. ఆ కోడాక్రోమ్ ఫిలిం అంటే ఇంట్లో తొట్టెలో కడిగే వస్తువు కాదు. దాని రంగులు ఫిలింలో ఉండవు, కడిగేటప్పుడు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. అందుకని పోస్టులో పంపి, రోజూ పోస్టుమాన్ మొహం చూస్తూ కూర్చోవాలి. ఆ ఎదురుచూపుల్లో సినిమా మనసులో ఎంత బాగుండేదంటే, వచ్చాక చూసింది ఎప్పుడూ దానికి తూగేది కాదు. 2010 చివర్లో అమెరికాలో ఆ ఫిలిం కడిగే ఆఖరి లాబు కూడా ఆపేసిందని పేపర్లో చదివి నేను భోజనం మానేశాను. రాత్రికి తిన్నాననుకో.

1980లో కృష్ణా పుష్కరాలొచ్చాయి. పన్నెండు రోజుల పండగ, మా దగ్గర ఒకే ఒక్క డబ్బీ. ఏం తియ్యాలని వారాల తరబడి తగువు. డాక్టరుగారికి జనసముద్రం కావాలి. కవిగారికి నీటి మీద తేలే ఒక్క పువ్వు చాలు. క్యాషియరుగారికి అసలేం తియ్యకపోతే మరీ మంచిది. శుభలేఖల వెనక ఖాళీ జాగాల్లో షాట్లు గీసుకుని, ఖాళీ కెమెరాతో రిహార్సలు వేసుకుని, తెల్లారగట్ల దుర్గ గుడి కింద రేవుకి పోయాం. పోతే, గీసుకున్నవేవీ అక్కడ లేవు. జనం తల మీద జనం. పొద్దు నడినెత్తికొచ్చినా మీట నొక్కలేదు. అప్పుడు స్టూడియో ఆయన చెయ్యి చూపించాడు.

ఒక ముసలమ్మ తడిచీర పిండుకుంటోంది. రెండో కొస పట్టేవాళ్ళు లేరు. ఒక కొసని రేవు మెట్టు మీద బొటనవేలి కింద తొక్కిపెట్టి, ఇంకో కొసని రెండు చేతులా మెలి తిప్పుతోంది. చీర బిగిసేకొద్దీ ఆవిడ వెనక్కి వాలుతోంది. నీళ్ళు మెట్టు మీంచి మెట్టు మీదికి కారుతున్నాయి. స్టూడియో ఆయన మాస్టారి వంక చూశాడు. మాస్టారు తలూపారు. కెమెరా చిన్నగా గరగరమంది, ఆగింది. ఆరు సెకన్లుంటుందేమో. అంతలో ఎవరో కుర్రాడు మెట్లు దిగుతూ వచ్చి, అడక్కుండానే రెండో కొస పట్టుకున్నాడు. స్టూడియో ఆయన వేలు మళ్ళీ మీట మీదికి పోయింది. మాస్టారు వద్దన్నారు. "చాలు, ఆవిడ ఒక్కతే అన్నది పోతుంది." నాకు ఇప్పటికీ ఆ కుర్రాణ్ణి కూడా తీసుంటే బాగుండేదనే ఉంటుంది. అప్పుడు ఆ మాట అనలేదు. కుర్చీలు వేసేవాడికి అభిప్రాయాలు ఉండకూడదని క్లబ్బు రూలు. రాసి లేదుగానీ రూలే.

మా మనవడున్నాడు. టీ గ్లాసులో టీ పోస్తున్న షాటు ఒక్కటే పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా తీశాడు. ఏరా, ఏది పనికొస్తుందని తీస్తున్నావంటే, తర్వాత చూసుకుందాం తాతయ్యా అంటాడు. ఆ తర్వాత అనేది రాదు. ఈమధ్య గోవా పోయి తెచ్చినది ఎన్ని గంటలుందో వాడికే తెలీదు, వాడే చూళ్ళేదు. ఇది విను. 1963లో డాలస్‌లో అబ్రహాం జాప్రూడర్ అని ఆడవాళ్ళ దుస్తుల వ్యాపారి, అమెరికా ప్రెసిడెంటు కెన్నెడీ కారు వస్తుంటే ఒక దిమ్మె మీద నిలబడి తన ఎనిమిది మిల్లీమీటర్ల కెమెరాతో తీశాడు. ఇరవై ఆరు సెకన్ల చిల్లర, అందులో కెన్నెడీ హత్య పడింది. ఆ నాలుగొందల చిల్లర బొమ్మల్ని అరవయ్యేళ్ళుగా ఒక్కొక్కటీ విడదీసి చూస్తూనే ఉన్నారు. ఆయన సినిమా మనిషి కాడు, మనలాంటివాడే. నువ్వు తీసింది ఇరవై ఆరు సెకన్లు ఎవరైనా చూస్తారా? మీ అమ్మ కూడా మధ్యలో కూర మాడుతోందని పోతుంది.

అతుకుల సంగతి చెప్పలేదు కదూ. కడిగొచ్చిన ఫిలింని చేత్తో తిప్పే చిన్న యంత్రంలో చూసుకుంటూ, ఎక్కడ కొయ్యాలో మైనపు పెన్సిల్తో గుర్తు పెట్టుకుని కోసి, ముక్కలన్నీ దండేనికి బట్టల క్లిప్పులతో వేలాడదీసేవాళ్ళం. కొసలు నేలకి రాసుకుని గీతలు పడకుండా కింద బుట్టలో దిండు గలీబు పరిచేవాళ్ళం. అతికే చోట పైపొర గీకి, జిగురు రాసి, నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టాలి. ఆ జిగురు వాసన గోళ్ళరంగు వాసనే. మాస్టారి భార్య మొదట్లో అనుమానపడింది కూడా. ఫ్యాను వెయ్యకూడదు, ముక్కలు ఎగురుతాయి. బెజవాడలో మే నెలలో ఫ్యాను లేకుండా కూర్చున్నవాణ్ణి కళాకారుడు కాదని ఎవడంటాడో రమ్మను.

మాటల సంగతి ఇంకా చిత్రం. మా ఫిలింకి నోరు లేదు. మాటలూ పాటా టేప్ రికార్డర్లో ఎక్కించి, రెండూ ఒకేసారి మీట నొక్కి నడిపించాలి. పగలు రిహార్సల్లో బ్రహ్మాండంగా కుదిరేది. సాయంత్రం ఊరంతా లైట్లు వేసేసరికి వోల్టేజీ పడిపోయి ప్రొజెక్టరు నీరసపడేది. టేప్ రికార్డరేమో బ్యాటరీల మీద హుషారుగా ఉండేది. తెర మీద నాయకుడు ఇంకా గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, చచ్చిపోయిన తల్లి కోసం ఏడుపు వినబడేది. అందుకని నన్ను టేప్ రికార్డరు దగ్గర కూర్చోబెట్టారు. మాట ముందుకు పోతే బొటనవేలితో చక్రాన్ని కాస్త ఆపాలి. నాయకుడి ఏడుపు నా బొటనవేలి కింద ఎద్దు గొంతయిపోయేది. జనం నవ్వేవారు. నవ్వితే నవ్వారు, ఎవడూ లేచిపోలేదు. తలుపు దగ్గర క్యాషియరుగారుండేవారు లే.

చూశాక మాట్లాడాలి. "బాగుంది" అన్నవాడికి అర్ధరూపాయి జరిమానా. ఎందుకు బాగుందో, ఎక్కడ బాలేదో చెప్పాలి. కవిగారు తన మూడు నిమిషాల సినిమా మీద రెండు గంటలు చివాట్లు తిని, వసారా మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుని, ఇక ఈ గుమ్మం తొక్కనని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆదివారానికి వచ్చారు. ఎక్కడికి పోతారు, ఊళ్ళో ఉన్న ఒక్క ప్రొజెక్టరూ ఈ గుమ్మంలోనే ఉంది. మీ జట్టులో ఎవడేం తీసినా "సూపర్ అన్నా" అనీ, చప్పట్లు కొట్టే చేతులూ, ఎర్రటి గుండెకాయలూ. ఒక్కడైనా ఒక్కణ్ణి ఏడిపించిన పాపాన పోయాడా?

మాస్టారు ఎప్పుడూ ఒకే కథ చెప్పేవారు. 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టేనాటికి దాని కెమెరామన్ సుబ్రత మిత్రా అనే కుర్రాడు అసలు సినిమా కెమెరా పట్టినవాడే కాదు, ఇరవయ్యొక్క ఏళ్ళవాడు, రాయ్‌కీ అదే మొదటి సినిమా, డబ్బులున్నప్పుడు తియ్యడం, లేనప్పుడు ఆగడం, 1955కి గానీ విడుదల కాలేదు. "చూశావా, అమెచ్యూర్లే!" అనేవారు కళ్ళజోడు తుడుచుకుంటూ. మాకూ అలాంటి రోజొస్తుందని మేమంతా నమ్మాం. ఆ రోజుల్లోనే మన భాషలో 'మా భూమి' వచ్చింది, గౌతమ్ ఘోష్‌కి మొదటి కథాచిత్రం, నర్సింగరావుగారు నిర్మించారు. అది చూసొచ్చాక మా వసారాలో కొన్ని వారాలు ఎవరూ పువ్వుల షాట్ల మాట ఎత్తలేదు. అవతల కేరళలో జాన్ అబ్రహాం జట్టు ఒడెస్సా అని పెట్టుకుని ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలు పోగేసి 1986లో 'అమ్మ అరియాన్' తీసింది. చందాలంటే ఏమిటో మాకు తెలుసు గనక ఆ మాట వినగానే క్యాషియరుగారికి చెమటలు పట్టాయి.

అప్పటికే మా పని అయిపోవచ్చింది. వీడియో వచ్చింది కొంప ముంచడానికి. తీసింది చెరిపేసి అదే క్యాసెట్ మీద మళ్ళీ తియ్యొచ్చు అన్న మాట విన్నరోజునే మాస్టారు, "అయితే ఇక ఎవడూ ఆలోచించడు" అన్నారు. స్టూడియో ఆయన మొదట మారాడు. పెళ్ళిళ్ళలో ఫ్లడ్ లైటు పట్టుకుని పెళ్ళికూతురి కంట్లోకి కొట్టి, గులాబీ పువ్వులోంచి ఆమె మొహం బయటికి తెప్పించి, నాలుగేళ్ళు తిరక్కుండా మేడ కట్టాడు. మాస్టారు ఆ మేడ గృహప్రవేశానికి వెళ్ళి భోంచేసి వచ్చి, మాతో మాత్రం కళని అమ్ముకున్నాడు అన్నారు. ఫిలిం డబ్బాలకి బెజవాడ ఉక్కలో బూజు పట్టింది. మాస్టారు రిటైరై కొడుకు దగ్గరికి పోయారు. ముసలమ్మ చీర పిండే ఆరు సెకన్లు ఎవరి అటక మీద ఉన్నాయో తెలీదు.

వీడియో మీద నా కోపం ఇంకా అలాగే ఉండేది, ఆ పస్తాపూర్ ఆడవాళ్ళు లేకపోతే. జహీరాబాద్ దగ్గర ఊరు అది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, పొలం పనులు చేసుకునేవాళ్ళు, కొందరు బడి గడప తొక్కనివాళ్ళు, వీడియో కెమెరా పట్టారు. వరంగల్ వైపు బీటీ పత్తి వేసి దెబ్బతిన్న రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోయి వాళ్ళ గోడంతా తీశారు. సంఘంలో చాప మీద కూర్చుంటే ఎదుటి మనిషి కళ్ళు ఎంత మట్టాన ఉంటాయో, కెమెరాని అంత మట్టాన పెడతారట వాళ్ళు. మా వసారాలో ఏళ్ళ తరబడి యాంగిల్స్ గురించి ఇంగ్లీషు పుస్తకాలు చదివి కొట్టుకు చచ్చాం, ఈ ముక్క ఒక్కడికి తట్టలేదు. మేం అందరం కుర్చీల్లో కూర్చునేవాళ్ళం కదా. ఆ కుర్చీలు వేసింది నేనే.

మీవాళ్ళలోనూ పనిమంతులు లేరనను. ఆ తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్ములు తీస్తూ తీస్తూనే 2016లో 'పెళ్ళిచూపులు' తీశాడు, షూటింగులోనే మాటలు రికార్డు చేశారట, ఏ బొటనవేలూ అక్కర్లేకపోయింది. విశాఖపట్నంలో కంచరపాలెం జనాన్నే పెట్టి తీస్తే 2018లో వచ్చిన సినిమా నేను హాల్లో చూశాను. ఒక్కడైనా నటించినట్టు లేడు. ఎక్కడ తప్పు పడదామా అని చివరిదాకా కూర్చుని, లైట్లు వేశాక కూడా లేవకపోతే, మా మనవడు "ఏడుస్తున్నావా తాతయ్యా?" అన్నాడు. ఏసీ పడదురా నాకు అన్నాను.

వాడే ఒకరోజు అడిగాడు, మీ క్లబ్బు మొత్తం ఎన్ని సినిమాలు తీసిందీ అని. నేను దగ్గాను. మంచినీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ అడిగాడు. ఎన్ని తీశామన్నది కాదురా, ఎన్ని తియ్యకుండా ఆపుకున్నామన్నది లెక్క అన్నాను. వాడు తలూపాడు గానీ, వాడి మొహంలో ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇప్పుడు వాళ్ళ జట్టులో నన్ను చేరమంటున్నారు. గౌరవంతో అనుకుంటున్నావేమో, కాదు. వాళ్ళ కథలో ఒక ముసలాడు కావాలి, అంతే. కథ ప్రకారం రెండో సీన్లోనే పోతాను. డైరెక్టరు ఒక పిల్ల, ఇంజనీరింగు చదువుతోంది. మాటలు రికార్డు చేసేవాడు పగలు గ్యాసు బండలు వేస్తాడు. కెమెరా పట్టేవాడు నాతో ఇంకా ఒక్క మాటా మాట్లాడలేదు, అది నాకు నచ్చింది. మా హాల్లోకొచ్చి ఫోను ఎత్తి పట్టుకుని వెలుతురు కొలిచారు. నేను ఊరుకుంటానా? బీరువాలోంచి మాస్టారిచ్చిన పాత సెలీనియం మీటరు తీసి, కిటికీ దగ్గర నిలబడి నేనూ కొలిచాను. రెండు లెక్కలూ ఒకటే వచ్చాయి. నాదానికి ఛార్జింగు అక్కర్లేదు అన్నాను, వినబడేలా. ఆ పిల్ల మీటరు చేతిలోకి తీసుకుని, ముల్లు కదలడం చూసి, "తాతగారూ, ఇది ఇంకోసారి చూపించరూ" అంది. చూపించాను. వాళ్ళందరూ మూగారు. గ్యాసబ్బాయి కూడా.

ఇంతకీ షూటింగు. మంచం మీద పడుకుని కళ్ళు తెరిచి మూయాలి, అంతే పని. మూశాను. "సూపర్ తాతగారూ, ఇంకొక్కటి" అంది. మళ్ళీ పోయాను. ఈసారి బయట కుక్క అరిచిందట. మళ్ళీ. ఈసారి బాగానే ఉందట గానీ సేఫ్టీకి ఇంకొకటట. మధ్యాహ్నం భోజనాల వేళకి నేనెన్నిసార్లు పోయానో మా ఆవిడ లెక్కపెట్టడం మానేసి లోపలికెళ్ళిపోయింది. అమ్మాయ్, మా రోజుల్లో చచ్చేవాడు ఒక్కసారే చచ్చేవాడు, ఫిలిం ఖరీదు తెలిసి చచ్చేవాడు అన్నాను. అది కూడా రికార్డు చేశాడా గ్యాసబ్బాయి! బాగుంది, సినిమాలో పెడతామంటున్నారు. "బాగుంది" అంటే అర్ధరూపాయి జరిమానా అని చెప్పాను, ఎవడి దగ్గరా చిల్లర లేదు, ఫోన్లోంచి పంపిస్తామన్నారు.

వచ్చే ఆదివారం మళ్ళీ రావాలట. పోయాక ఇంకా రెండు సీన్లున్నాయట నాకు, ఫ్లాష్‌బ్యాకులో. సరే అన్నాను గానీ షరతులు పెట్టాను. టిఫిను పెసరట్టు, అందులో ఉప్మా ఉండాలి. నా మంచం జరపకూడదు. కుర్చీలు ఎవరు వెయ్యాలన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే నేను మాత్రం ఇక వెయ్యను.